మామ చేయించుకున్న గుండె ఆపరేషను

"పప్పులో ఉప్పెక్కువైందే."

"అయితే పెరుగేసుకో మామా."

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు ఇవే. ఇంకేమైనా అన్నాడేమో, నేనేమైనా అన్నానేమో అని చాలాసార్లు గుర్తు చేసుకుని చూశా. ఏమీ లేదు. పెరుగేసుకున్నాడు, రెండు ముద్దలు తిన్నాడు, చెయ్యి కడుక్కుని మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను గిన్నెలు తోమి వచ్చేసరికి అయిపోయింది. మిగతావాళ్ళ మొగుళ్ళు పోయేముందు చెయ్యి పట్టుకుని ఏవేవో చెప్పి పోతారంట. మా ఆయన ఉప్పు సంగతి చెప్పి పోయాడు. అబద్ధమేం కాదు, నిజంగానే ఎక్కువైంది.

మామ అంటే మొగుడే. మా అమ్మకి సొంత తమ్ముడు. పుట్టినకాడ్నించీ మామా అని పిలిచిన నోరు, పెళ్ళయింది కదా ఇంక ఏవండీ అను అంటే తిరగలేదు. ఆయనకీ ఆ ఏవండీ వినపడితే పక్కింటాయన్ని పిలుస్తున్నానేమో అనిపించేదంట.

ఇది రాస్తున్నది నా తమ్ముడి కూతురు. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవటం వచ్చు, అంతే. పిల్ల నందిగామలో డిగ్రీ చదువుతోంది. నేను ఎట్లా చెప్తే అట్లా రాయమన్నా. మధ్యలో బాగుచెయ్యొద్దన్నా. ఎందుకు రాయిస్తున్నానో కూడా ముందే చెప్పేస్తా. నా తమ్ముడు హైదరాబాదు వచ్చి ఒక చిన్న గొట్టం నిండా రక్తం ఇవ్వాలి. ఇవ్వనంటున్నాడు. వాడిస్తే ఈ రాసే పిల్లకి భయం తీరిపోతుంది, లేకపోతే ఇప్పట్నించే జాగ్రత్త పడుతుంది. రెండిట్లో ఏదైనా మంచిదే. నోటితో చెప్తే సగంలో లేచి షాపుకి పోతాడు. అందుకని మొత్తం ఒకచోట పెట్టిస్తున్నా.

మాది జగ్గయ్యపేటలో హైవే పక్కన పంక్చర్ షాపు. షాపంటే రేకుల కొట్టు, ముందు ఒక గాలి మిషను, పక్కన నీళ్ళతొట్టి. వెనక గదిలో మేము. సిమెంటు ఫ్యాక్టరీలకి సున్నపురాయి తోలే లారీలు పగలంతా తిరుగుతానే ఉండేవి. రాళ్ళ రోడ్డు మీద తిరిగే లారీకి టైరు బాగుంటే మాకు కడుపు నిండదు కదా. మామ టైరులోకి లివరు, అంటే టైరు విప్పే ఇనప కడ్డీ, దూర్చి, దాని కొసకి ఛాతీ ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కేవాడు. టైరు నోరు తెరిచేది. ట్యూబు బయటికి లాగి నాకిస్తే నేను నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసేదాన్ని. మా కాపురమంతా అట్లా బుడగలు చూసుకుంటూ గడిచింది. పిల్లలు పుట్టలేదు. దగ్గర సంబంధం చేసుకుంటే పుట్టరు అన్నవాళ్ళున్నారు. దగ్గర సంబంధమే చేసుకుని ఆరుగురిని కన్నవాళ్ళూ మా వీధిలోనే ఉన్నారు, కాబట్టి ఆ మాట మేం పట్టించుకోలా.

తొంభైల్లో, ఒక ఎండాకాలం సంగతి. సాయంత్రం మామకి వీపు రుద్దటం నా పని. ఆ నల్లటి గ్రీజు మామూలు సబ్బుకి లొంగదు, బట్టల సబ్బే. వీపు అయ్యాక ఇటు తిరగమన్నా. తిరిగితే ఎడమ రొమ్ము మీద చనుమొన లోపలికి గుంజుకుపోయి ఉంది. పరుపుకి బొత్తాం కుట్టి లాగితే గుంట పడుతుందే, అట్లా. చెయ్యి పెట్టి చూస్తే కింద చింతపిక్కంత గట్టిగా తగిలింది.

"ఇదేంది మామా?"

"లివరు దెబ్బే. నువ్వు రుద్దు."

నిజమే అనుకున్నా. రోజూ అక్కడే కదా ఆనించేది. వీధిలో ఉన్న ఆర్ఎంపీ డాక్టరు కూడా లివరు దెబ్బే అన్నాడు, పూతమందు ఇచ్చాడు. మామ కొన్నాళ్ళు లివరు కుడివైపు ఆనించాడు. గడ్డ మాత్రం ఎడమవైపే పెరిగింది. తర్వాత బనియను మీద చిన్న మరక పడటం మొదలైంది. తుప్పు మరక అనుకుని నిమ్మకాయ పెట్టి రుద్దా. మర్నాడు ఉతికిన బనియను మీద మళ్ళీ అక్కడే పడింది. ఇంక బెజవాడ బస్సెక్కాం.

ఆ ఆసుపత్రిలో మమ్మల్ని రొమ్ము డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. వరండా అంతా ఆడవాళ్ళే. మధ్యలో మామ ఒక్కడే మీసాలేసుకుని. అందరూ ఆయన్ని చూసి పైటలు సర్దుకోవటం. ఆయనేమో తల పైకెత్తి ఫ్యానుకి ఎన్ని రెక్కలున్నాయో చూస్తున్నట్టు కూర్చున్నాడు. నర్సు వచ్చి నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసకపోయి జాకెట్టు విప్పమంది. నాక్కాదమ్మా, ఆయనకి అన్నా. ఆయన బయటే కూర్చుంటాడులే, సిగ్గుపడకు, నీ వయసు వాళ్ళు చాలామంది వస్తారు అంది. నేను ఎంత చెప్పినా ఆమె తలకెక్కలా. చివరికి మామనే లోపలికి పిలిచా. ఆయన చొక్కా విప్పి నిలబడ్డాక పాపం నర్సు మొహం చూడాలి.

సూది పెట్టి కొంచెం తీసి పరీక్షకి పంపించారు. ఆ తర్వాత పెద్ద డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు, రొమ్ము కాన్సరని. మామ నవ్వాడు. మగాడికి రొమ్మేంది సార్ అన్నాడు. డాక్టరు కూడా మంచివాడే, విసుక్కోలా. అందరికీ ఉంటుందయ్యా, మీకు కాస్త, ఆవిడకి ఎక్కువ, కాన్సరు ఆ కాస్తలో కూడా వస్తుంది, మగవాళ్ళకి చాలా అరుదుగా వస్తుంది, అందుకే ఎవరూ అనుకోరు, ముదిరాక వస్తారు అన్నాడు. లివరు దెబ్బకి రాదా అంటే రాదన్నాడు. తర్వాత అడిగాడు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. లేదు సార్ అన్నాడు మామ. పక్కనే ఉండి నేనూ లేదనే తలూపా.

ఇక్కడ కాస్త ఆగాలి. నేను చెప్పిన దాంట్లో మీకు ఇప్పటికే ఒక ముక్క తెలుసు, ఆయన మా అమ్మ తమ్ముడని. ఇంకో ముక్క చెప్తా. మా అమ్మని చందర్లపాడు నించి వీరులపాడు ఇచ్చారు. నేనక్కడే పుట్టా. నేను ఈడేరక ముందే అమ్మ పోయింది. రొమ్ములో గడ్డ. తమ్ముడు అప్పటికి పాలు మానలేదు కాబట్టి పాలగడ్డ అంది. పసుపు కట్టింది, వేపాకు నూరి పెట్టింది. పైట కింద ఏముందో మా నాన్నకి కూడా చూపించలా. అది పుండయ్యాక ఇంక దాచే పని లేకుండా పోయింది. అప్పట్లో దానికి పేరు లేదు, పుండు అన్నాం. ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే మీకు ఇప్పుడే అర్థమైపోయుంటుంది. మాకు చాలా ఏళ్ళు పట్టింది. ఎందుకో ముందుకెళ్ళాక చెప్తా.

ఆపరేషను చేసి ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు, చంకలో గడ్డలు కూడా. తర్వాత కొన్నాళ్ళు కరెంటు, అదే రేడియేషనంట, పెట్టారు. ఛాతీ ఒకవైపు పలకలాగా అయింది, అడ్డంగా కుట్టు. షాపు మళ్ళీ తెరిచిన రోజు ఒక క్లీనరు వచ్చి, ఏమైంది బాబాయ్ ఇన్నాళ్ళు మూసేశావ్ అని అడిగాడు. మామ ఒక్క క్షణం ఆలోచించి "గుండె ఆపరేషను" అన్నాడు. అంతే. ఆ మాట లారీలెక్కి కోదాడ దాకా పోయింది, ఇటు నందిగామ దాకా పోయింది. గుండె అంటే మర్యాద. రొమ్మంటే చెప్పుకోలేం కదా.

ఆ గుండె ఆపరేషనుతో మేం పడ్డ తిప్పలు అంతా ఇంతా కాదు. ఖమ్మం నించొచ్చే డ్రైవరొకడు తెల్లమద్ది చెక్క మోపు తెచ్చి పడేశాడు, కషాయం కాచి తాగమని. ఇంకొకడు ఎల్లుల్లి దండ తెచ్చాడు. ఎవరూ ఆయన్ని జాకీ ఎత్తనిచ్చేవాళ్ళు కాదు, నువ్వు కూర్చో బాబాయ్ అని డ్రైవర్లే తమ టైర్లు విప్పుకుని, తామే పంక్చర్ వేసుకుని, మాకు డబ్బులిచ్చి పోయేవాళ్ళు. నేను గట్టిగా మాట్లాడితే, పిన్నీ, గుండె మనిషి మీద అరవొద్దు అని నన్ను మందలించేవాళ్ళు. దానికి మామ ఎంత సంబరపడ్డాడో.

ఒకరోజు నిజంగా గుండె ఆపరేషను అయిన డ్రైవరే వచ్చాడు. వచ్చీ రాగానే చొక్కా బొత్తాలు విప్పి తన కుట్టు చూపించి, నీది చూపించు అన్నాడు. మామ ఇష్టం లేకుండానే బనియను కొంచెం ఎత్తాడు.

"నాది నిలువుగా ఉంది. నీదేంది, అడ్డంగా ఉంది?"

"మాది బెజవాడ డాక్టరు."

ఆయన కాసేపు చూసి, మాది హైదరాబాదులే అని ఒప్పుకున్నాడు. నేను లోపలికి పోయి నోట్లో కొంగు కుక్కుకున్నా.

డాక్టరు ఒక బిళ్ళ రాసిచ్చాడు, ఏళ్ళ తరబడి రోజూ వేసుకోవాలి. ఈ బిళ్ళ ఆడవాళ్ళకిచ్చేదే, నీకూ ఇదే పనిచేస్తుంది అన్నాడు. పనిచేసింది. పనితోపాటు ఒంట్లో సెగలు కూడా తెచ్చింది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఎర్రబడి, చెమట కారిపోయి, విసనకర్ర ఏదే అనేవాడు. సరిగ్గా అప్పుడే నాకు ముట్లు ఆగే వయసు వచ్చింది. నాకూ సెగలే. ఇంట్లో ఉన్నది ఒక్క టేబుల్ ఫ్యాను. దాన్ని నావైపు తిప్పుకుంటే ఆయన తిప్పుకునేవాడు, ఆయన తిప్పుకుంటే నేను తిప్పుకునేదాన్ని. ఆఖరికి ఇద్దరం ఒకే చాప మీద ఒకే వైపు తిరిగి పడుకోవటం నేర్చుకున్నాం. ఆడదాని బాధ ఏందో ఇప్పుడు తెలిసిందా మామా అంటే, తెలిసింది, ముందే చెప్పొచ్చుగా అన్నాడు.

అట్లా బాగానే గడిచాయి. రెండువేలు దాటాక కొన్నాళ్ళకి దగ్గు పట్టుకుంది. సున్నం దుమ్ము అనుకున్నాం. దుమ్ము కాదు, ఆ పాతదే ఊపిరితిత్తుల్లోకి వచ్చింది. ఈసారి హైదరాబాదు పొమ్మన్నారు. అక్కడ ఒక డాక్టరమ్మ. గుంటూరు వైపు మనిషంట, మాట వినగానే తెలిసింది. మగవాళ్ళకి ఈ జబ్బు వస్తే వంశంలో ఏమన్నా ఉందేమో తప్పకుండా చూడాలి అని ఆవిడ నిదానంగా కూర్చుని అడగటం మొదలుపెట్టింది. మందు సంగతి ఒకరు చూస్తే, ఈ సంగతి ఆవిడ చూస్తుందంట.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా కాన్సరు వచ్చిందా?"

"లేదమ్మా. మా ఇంట్లో ఎవరికీ లేదు."

"ఇంట్లో అంటే ఇప్పుడున్న వాళ్ళు కాదండీ. మీ అమ్మగారి కడుపున ఎంతమంది పుట్టారు?"

"ఇద్దరం. అక్కా, నేను."

"అక్క ఉన్నారా?"

"పోయింది, చాలా కాలమైంది. రొమ్ములో పుండు లేచింది. అది వాళ్ళింట్లో అమ్మా. పెళ్ళి చేసి పంపించేశాం కదా. వాళ్ళ ఇంటిపేరు వేరు."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపేసింది. "ఆవిడ పిల్లలెవరైనా ఉన్నారా?"

"ఉంది. ఇదిగో, ఇదే" అని మామ నన్ను చూపించాడు.

నేను క్యారేజీ గిన్నె మూత పెడుతున్నా. ఆవిడ నన్ను చూసింది, మామని చూసింది, మళ్ళీ నన్ను చూసింది. ఈవిడ మీ భార్య కదా అంది. భార్యే, అక్క కూతురు కూడానూ అన్నాడు మామ. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. బెజవాడలో కూడా అడిగారు కదా, అప్పుడెందుకు చెప్పలేదు అంటే మామకి నిజంగా అర్థం కాలా. ఇంట్లో అని అడిగారు, మా ఇంట్లో లేదు కాబట్టి లేదన్నాను అన్నాడు. నన్ను అడగలేదా అంటే, పెళ్ళాన్ని ఎవరు అడుగుతారు? పెళ్ళాం బయటినించి వచ్చిన మనిషి కదా, ఆమె రక్తంతో ఏం పని. నేను ఆ లెక్కన బయట మనిషినీ, ఈ లెక్కన లోపల మనిషినీ. ఆడపిల్లకి పెళ్ళి చేస్తే ఇంటిపేరు మారినట్టే, దాని ఒంట్లో ఉన్నది కూడా వాళ్ళింటికి పోయిందనుకున్నాం.

తర్వాత ఆవిడ చెప్పింది చెప్తా. పిల్లా, ఇది నిదానంగా రాయి. మన ఒంట్లో ప్రతి చోటా ఒక దారంలాంటిది ఉంటుందంట. అది రోజూ తెగుతా ఉంటుంది, ఒంట్లోనే దాన్ని అతికేవి ఉంటాయి. ఆ అతికే పని ఎట్లా చెయ్యాలో చెప్పే జీను ఒకటుంది. దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, బీఆర్‌సీఏ టూ అని పిల్ల రాస్తోంది. అది అమ్మ దగ్గర్నించి ఒకటి, నాన్న దగ్గర్నించి ఒకటి, మొత్తం రెండొస్తాయి. కొంతమందికి వాటిలో ఒకటి పుట్టుకతోనే చెడిపోయి వస్తుంది. రెండోది పనిచేస్తున్నంతకాలం ఏం కాదు. ఒంట్లో ఎక్కడన్నా ఒక చోట ఆ రెండోది కూడా చెడితే అక్కడ జబ్బు మొదలవుతుంది. ఆడవాళ్ళకి రొమ్ములో, అండాశయాల్లో. మగవాళ్ళకి రొమ్ములో రావటం తక్కువే, కానీ ఇది ఉన్నవాళ్ళకి ఆ తక్కువలో వచ్చే అవకాశం పెరుగుతుంది. రొమ్ము కాన్సరు వచ్చిన అందరికీ ఇది ఉండదు. ఇది ఉన్న అందరికీ కాన్సరు రాదు కూడా.

మామ అంతా విని అడిగాడు. "అంటే రోడ్డు మీద రెండు పంక్చర్ షాపులున్నాయి. ఒకటి మేం పుట్టకముందే మూతబడింది. రెండోదాంతో బండి నడిపిస్తున్నాం. అది కూడా మూసేస్తే అక్కడ లారీ ఆగిపోద్ది. అంతేనా?"

డాక్టరమ్మ నవ్వి, ఇంక నా దగ్గరికి వచ్చే వాళ్ళందరికీ ఇట్లాగే చెప్తానండీ అంది.

ఇద్దరి దగ్గరా రక్తం తీసుకున్నారు. దూరం ఎక్కడికో పంపించారు, కబురు రావటానికి నెలలు పట్టింది. వచ్చినప్పుడు ఇద్దరం కలిసే పోయాం. ఆయనకి ఉంది. నాకూ ఉంది. ఇద్దరికీ ఒకే జీను, ఒకే చోట ఒకే తప్పు. అమ్మ వైపు తాతో అమ్మమ్మో, ఎవరో ఒకరి దగ్గర్నించి మా అమ్మకీ వచ్చింది, ఆమె తమ్ముడికీ వచ్చింది. మా అమ్మ దగ్గర్నించి నాకు. మాకు పిల్లలు ఉండుంటే వాళ్ళకి రెండు వైపులనించీ వచ్చే దారి ఉండేదని కూడా ఆవిడ చెప్పింది. పిల్లల కోసం ఎన్ని గుళ్ళ చుట్టూ తిరిగామో ఇద్దరికీ గుర్తొచ్చింది.

తిరుగు బస్సులో సూర్యాపేట దాటిందాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. తర్వాత ఇటు తిరిగి, "మా అమ్మ అక్కకి గాజులిచ్చింది, నాకు గడియారం ఇచ్చింది. ఇదొక్కటే ఇద్దరికీ సమానంగా పంచింది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని, "నువ్వు మాత్రం పరీక్షలు తప్పొద్దే. నాకు నొప్పి రాకముందే తెలిసుంటే బాగుండేది" అన్నాడు. పట్టుకున్న చెయ్యి జగ్గయ్యపేట వచ్చేదాకా వదల్లా. బస్సులో జనం చూస్తున్నారని నేనే సిగ్గుపడ్డా.

ఆయన పోయాక షాపు తీసేసి నందిగామలో తమ్ముడింటికి వచ్చేశా. పరీక్షలు మాత్రం మానలా. ఏడాదికోసారి రొమ్ముని రెండు అద్దాల మధ్య పెట్టి నొక్కి ఫోటో తీస్తారు. అప్పడాల మిషనే అనుకోండి. అండాశయాలు తీసేస్తే మంచిది, ముట్లు ఎట్లాగూ ఆగిపోయాయి కదా అన్నారు. వాడకుండా ఉన్న సామాను ఇంట్లో ఎందుకని తీయించేసుకున్నా. ఇప్పటిదాకా బానే ఉన్నా.

ఇంక తమ్ముడి సంగతి. నాకు ఉందని తెలిసినరోజే డాక్టరమ్మ అడిగింది, మీతోపాటు పుట్టినవాళ్ళు ఎవరున్నారని. తమ్ముడున్నాడన్నా. మీ అమ్మ దగ్గర్నించి మీకు వచ్చింది కాబట్టి ఆయనకీ బొమ్మా బొరుసూ లాంటిదే, ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆయనకి లేకపోతే ఆయన కూతురికి ఈ దారిన వచ్చే ప్రశ్నే లేదు, హాయిగా ఉండొచ్చు. ఆయనకి ఉంటే అప్పుడు కూతురికి చూద్దాం. మామూలుగా ముందు ఆయనదే చూస్తాం, తీసకరండి అంది. అప్పట్నించీ పిలుస్తూనే ఉన్నా.

వాడికి నందిగామలో విత్తనాల షాపు. పోయినవారం షాపుకే పోయి యూరియా బస్తా మీద కూర్చున్నా. ముందు పాత పాటే పాడాడు. అది మామ వాళ్ళింటి జబ్బక్కా, మన ఇంటిపేరు వేరు అన్నాడు. మన అమ్మ ఇంటిపేరేందిరా పుట్టినప్పుడు అన్నా. మామ టైర్లు విప్పేవాడు, నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి, నాకెందుకొస్తుంది అన్నాడు. డాక్టరు లివరు కాదని చెప్పి ఎన్నేళ్ళయిందిరా అన్నా. ఈలోపు ఒక రైతు వచ్చి పత్తి విత్తనం అడిగితే, ఇది ఫలానా చోటిది, దీని తల్లి మొక్క ఇట్లాంటిది, తండ్రి మొక్క అట్లాంటిది అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఆ రైతు పోయాక నేనన్నా.

"గింజకి అమ్మానాన్నల జాతకం చెప్తావు. నీది చూసుకోమంటే ఇంటిపేరు చెప్తావేందిరా?"

వాడు నవ్వలా. తరాజు పళ్ళెం తుడిచాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు.

"నాకు ఉందని తేలితే పిల్లని ఎవరు చేసుకుంటారక్కా?"

అదీ సంగతి. వాడిది మొండితనం కాదు, భయం. నాకు కోపం పోయింది. మన అమ్మని చేసుకునేటప్పుడు నాన్నకి తెలియదు, అయినా ఏం జరిగిందో చూశాం కదరా, తెలియకపోవటం వల్ల మనకేం మంచి జరిగింది అన్నా. చెప్పి చేసుకుంటే వాడు తోడుగా పరీక్షకి వస్తాడు, చెప్పకపోతే పాలగడ్డ అనుకుంటా కూర్చుంటారు అన్నా. వాడు ఇంకో రైతు వచ్చాడని లేచిపోయాడు. అక్కడ ఏ రైతూ లేడు.

ఈ పిల్లని అడిగా, నీ మనసులో ఏముందే అని. తెలుసుకోవాలనే ఉందత్తా అంది. వచ్చేవాడికి చెప్పే చేసుకుంటా, వినలేనివాడు నాకొద్దు అంది. నువ్వే పోయి చేయించుకోవచ్చుగా అంటే, నాన్న రాకుండా పోతే దొంగతనంగా పోయినట్టుంటుంది, ముందు నాన్నే రావాలి అంది. ఇది రాయొద్దంటోంది ఇప్పుడు. రాయి. నీ మాట నీ చేతే రాయిస్తున్నా, తప్పేముంది.

ఇంకా చెప్దామనుకున్నా గానీ, షాపు కట్టేసి వాడు భోజనానికి వచ్చినట్టున్నాడు, బండి చప్పుడైంది. కాళ్ళు కడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. కాయితాలు చూశాడు.

"నా గురించి కూడా రాయించావా అక్కా?"

"రాయించా."

"ఏమని?"

ఏమని అంటే నేనేం చెప్పను, మళ్ళీ నోటితో చెప్తే మళ్ళీ లేచి పోతాడు. అన్నం తర్వాత తిందువులే, ముందు ఇక్కడ కూర్చో అన్నా. షాపు తెరవాలక్కా అన్నాడు. అంటానే కూర్చున్నాడు, గోడకి ఆనుకుని. ఇంతవరకు చాల్లే పిల్లా, ఇక్కడ ఆపు. మొదట్నించీ చదివి వినిపించు. నాకూ వినాలనుంది.